ఉతకని మూటలు

1913 మే 12, సోమవారం

మూటల రోజు. చలికాలం మొదలైంది, పొద్దున్నే గడ్డి మీద మంచు. ఉతకడానికి డాక్టరు ఇంటి మూట, కొట్టు దొర ఇంటి మూట, డచ్చి చర్చి పాస్టరు ఇంటి మూట తెచ్చుకున్నాను. పాస్టరు ఇంట్లో దుప్పట్లు మార్చి చాలా రోజులైందని వాసనే చెప్పింది. దేవుడి మనుషులు, ఏమనగలం.

వాగు దగ్గర, నాలాగే బట్టలుతికే గ్రీత్ ఎప్పట్లాగే నాకంటే పైన కూర్చుంది. తను వదిలిన సబ్బు నీళ్ళే నాకు రావాలని ఆమె కోరిక. నేను లేచి ఇంకా పైకి వెళ్ళాను. ఆమె ఇంకా పైకి వచ్చింది. ఇలాగే పోతే మీరిద్దరూ ఏదో ఒక రోజు వాగు పుట్టిన చోట తేలతారని మా ఉతికేవాళ్ళలో పెద్దావిడ గలెబొయె అత్త అంది. రేవు రేవంతా నవ్వింది. నేను నవ్వలేదు.

రెండేళ్ళ కిందట నేను జ్వరంతో మంచం పట్టినప్పుడు మేజిస్ట్రేట్ ఇంటి మూట నాది. గ్రీత్ ఎత్తుకుపోయింది. మా రీట్‌కుయిల్ లొకేషన్‌లో, అంటే తెల్లవాళ్ళ ఊరి బయట మమ్మల్ని ఉంచిన పేటలో, ఉతికే ఆడవాళ్ళకి ఉన్నది ఒకటే నియమం. ఒకరి ఇంటి మూట ఇంకొకరు ముట్టకూడదు. ముట్టాల్సి వస్తే ముందు ఆమెని అడగాలి, ఆమె లేకపోతే కూతుర్ని అడగాలి. గ్రీత్ అడగలేదు. దొరసానే పిలిచి ఇచ్చిందట. ఇస్తే మాత్రం తీసుకుంటారా? అప్పట్నుంచి ఆమెకీ నాకూ మాటల్లేవు. నా కోపం పాతబడే రకం కాదు.

మే 17, శనివారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

గంజి పిండి కోసం నా కూతురు సెయిపాతిని కొట్టుకి పంపాను. దారిలో కానిస్టేబుల్ బెస్టర్ ఆపాడు. నీకెన్నేళ్ళు అన్నాడట. పదహారు నిండాయని నా పిచ్చిపిల్ల నిజమే చెప్పింది. అయితే పాస్ ఏదీ అన్నాడట. జులై ఒకటో తారీఖుకల్లా తీసుకోకపోతే ఏదో ఒక తెల్లవాళ్ళ ఇంట్లో పనికి పెట్టేస్తానన్నాడట. పోయేముందు దాని గౌను జేబులు తడిమి చూశాడు.

దాని గౌనుకి జేబులు లేవు.

పాస్ అంటే ఊళ్ళో తిరగడానికి డబ్బు కట్టి తీసుకునే ఒక కాగితం అనుకుంటారు తెలియని వాళ్ళు. కాగితమైతే నాకేం భయం, ఎన్ని కాగితాలు చూడలేదు. పాస్ ఏదీ అని అడగడానికి ఏ కానిస్టేబులైనా మమ్మల్ని ఎక్కడైనా ఆపొచ్చు. స్టేషన్ వెనక గదికి రమ్మనొచ్చు. మా పక్కింటి పిల్ల కిందటేడాది అలాగే వెళ్ళింది. తిరిగొచ్చాక నోరు విప్పలేదు. ఆ చలికాలం అయ్యేలోపే వాళ్ళు ఇల్లు వదిలి ఎటో వెళ్ళిపోయారు. దేశం మొత్తంలో ఈ ఫ్రీ స్టేట్ రాష్ట్రంలో తప్ప ఆడవాళ్ళకి పాస్ ఇంకెక్కడా లేదట. సరిహద్దు అవతల బసుటోలాండ్‌లో ఉన్న మా చెల్లెలికి చెబితే నమ్మలేదు.

నేను పెళ్ళయి ఈ ఊరు వచ్చినప్పట్నుంచి పాస్ మోస్తున్నాను. ఆపిన ప్రతిసారీ తల దించుకుని చూపిస్తున్నాను. నేను మోస్తే మోశాను. నా కూతురు మోయదు.

ఈ మాట కింద గీత గీశాను.

మే 18, ఆదివారం

సెయిపాతి నాన్నకి చెప్పాను. ఇటుకల బట్టీ నుంచి వచ్చి సంగటి తింటున్నాడు. నాకూ ఉంది కదా పాస్, మా నాన్నకీ ఉండేది, ఏం చేస్తాం అన్నాడు. నీ జేబులు తడిమితే పొగాకు దొరుకుతుంది, దాని జేబులు దేనికి తడుముతున్నాడో నీకు తెలీదా అన్నాను.

ముద్ద నోట్లో పెట్టుకోలేదు. లేచి, తన పళ్ళెం తనే కడుక్కున్నాడు. ఈ ఇంట్లో అది చిన్న విషయం కాదు.

జూన్ 1, ఆదివారం

బ్లూమ్‌ఫాంటీన్ పట్నం నుంచి కబురు. గలెబొయె అత్త మేనల్లుడు రైల్లో పని చేస్తాడు, వాడు మోసుకొచ్చాడు. అక్కడి ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా టౌన్ హాలుకి వెళ్ళి, పాస్‌లు కింద పడేసి, ఇక కొనం పొమ్మన్నారట. పట్టుకుంటే జైలుకి పాటలు పాడుకుంటూ పోయారట.

చర్చి అయ్యాక వెనక పెరట్లో కలిశాం. గలెబొయె అత్తే పెద్ద. మనం అర్జీలు పెట్టాం, మన వాళ్ళు కేప్‌టౌన్ దాకా పోయి మంత్రి ఇంటి గుమ్మం తొక్కి వచ్చారు, ఆలోచిస్తామన్నారు, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు అంది. నా పళ్ళన్నీ ఊడేదాకా ఆగాను, ఇక ఊడటానికి ఏమీ మిగల్లేదు అంది.

గ్రీత్ కూడా వచ్చింది. వాళ్ళు కలర్డ్ మనుషులు, నలుపూ తెలుపూ కలిసిన వంశం, ఇంట్లో డచ్చి మాట్లాడతారు, వాళ్ళ చర్చి వేరు. తెల్లవాళ్ళు మమ్మల్ని తలా ఒక అరలో సర్ది మీద పేర్లు రాశారు కానీ పాస్ మాత్రం అందరికీ ఒకటే పెట్టారు. గ్రీత్ లేచి మాట్లాడింది. "మన చేతులు లేకపోతే ఈ ఊళ్ళో ఒక్క కాలరు కూడా నిలబడదు. ఆ సంగతి వాళ్ళకి ఒక్కసారి తెలిసిరావాలి" అంది.

అందరూ తలలూపారు. మంచి మాట. ఆమె నోటి నుంచి రావడమే నాకు బాధ. నేను గోడ వైపు చూశాను.

జూన్ 15, ఆదివారం

రేపే. జైలుకి పోవాల్సి వస్తే పోదామని అందరం అనుకున్నాం.

ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు ఎలా వేయాలో సెయిపాతికి మళ్ళీ చెప్పాను. దానికి తెలుసు. అయినా చెప్పాను.

జూన్ 19, గురువారం. జైలు

నీలిమందు పొట్లం కాగితం మీద రాస్తున్నాను. కాగితాలు, పెన్సిలు తలగుడ్డలో దాచి తెచ్చుకున్నాను. వెతికిన జైలు దొరసానికి తలగుడ్డ విప్పించాలని తోచలేదు. జుట్టు చూడాలంటే అసహ్యమేమో. మంచిదే.

సోమవారం ఏం జరిగిందంటే, మూటల కోసం ఎవరూ వెళ్ళలేదు. వాగు ఒడ్డున పెద్ద కాగు పెట్టి, నీళ్ళు మరిగించి, సోడా వేసి, మా పాస్‌లన్నీ అందులో వేశాం. మొండి మరకలకి చేసినట్టే చేశాం. సిరా ముందు నీలంగా తేలింది, తర్వాత బూడిద రంగు అయింది. గలెబొయె అత్త కర్రతో తిప్పుతూ, ఇంత మురికి నా జన్మలో ఉతకలేదు అంది. కాగితాలన్నీ అంబలిలా అయ్యాక కాగు దించి, నలుగురం పట్టుకుని, మిగతావాళ్ళు పాట ఎత్తుకుని, లొకేషన్ నుంచి కోర్టు దాకా నడిచాం. కోర్టు మెట్ల మీద బోర్లించాం. మెట్టు మెట్టుకీ జారి, సార్జెంటు బూట్ల దాకా వచ్చింది.

ఎవరి పాస్ ఏదో చెప్పండి అని సార్జెంటు అరిచాడు. వెతుక్కో అంది అత్త.

మేజిస్ట్రేట్ దొర జరిమానా కట్టండి లేదా నెల రోజులు కఠిన శిక్ష అన్నాడు. ఒక్కొక్కరినీ పిలిచి అడిగాడు. ఒక్కొక్కరూ జైలే అన్నారు. నా వంతు వచ్చినప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. గట్టిగా ఉంది. చాలా బాగుంది.

ఊళ్ళో ఉతికే ఆడవాళ్ళందరూ ఉన్నారు, ఒక్క గ్రీత్ తప్ప. ఆ పొద్దున ఆమె రాలేదు. ఒంట్లో బాగోలేదని కబురు పంపిందట.  నేనేమనుకుంటున్నానో నా ముఖం చూసి అందరికీ అర్థమైంది.

జూన్ 22, ఆదివారం. జైలు

రాళ్ళు కొట్టిస్తున్నారు. సబ్బు కంటే రాయి నయం, చేతులు పగలవు. చలి మాత్రం ఎముకల్లోకి దిగుతోంది. ఒక్కొక్కరికీ పల్చటి దుప్పటి. అత్త మా మధ్యలో పడుకుంటోంది, రెండు వైపులా వెచ్చగా ఉండాలని. మధ్యలో ఉన్నదానికి పెత్తనం కూడా ఎక్కువే.

సెయిపాతి వాళ్ళ నాన్నతో కలిసి చూడటానికి వచ్చింది. దొరసానులు రెండు రోజుల్లో మీరు జరిమానా కట్టి వచ్చేస్తారనుకున్నారట. ఇప్పుడు వంటవాళ్ళ చేత ఉతికించబోతే వాళ్ళు మాకు చేతకాదన్నారట. డాక్టరు దొరసాని తనే ఉతికి, వేడినీళ్ళలో ఉన్ని కోటు ముంచిందట. అది ఇప్పుడు వాళ్ళ కుక్కపిల్లకి సరిపోతుందట.

ఎంత నవ్వామంటే జైలు దొరసాని వచ్చి గొలుసు ఊపింది.

సెయిపాతి నాన్న సంగటి వండటం నేర్చుకున్నాడట. ఎలా ఉంటుందే అంటే, బట్టీలో పెడితే ఇటుకవుతుంది అంది నా కూతురు. ఆయన పక్కనే నిలబడి తల గోక్కున్నాడు.

జూన్ 29, ఆదివారం. జైలు

ఒళ్ళు మండిపోతోంది.

వచ్చే ఆదివారం నాఖ్‌మాల్. మూడు నెలలకోసారి పొలాల నుంచి డచ్చి రైతులు బోయర్లందరూ ఎడ్లబళ్ళు కట్టుకుని వచ్చి, చర్చి చుట్టూ డేరాలు వేసి, ప్రభువు బల్ల దగ్గర కూర్చుంటారు. చర్చి పెద్దలకి తెల్లటి టైలు, కర్రలా నిలబడే కాలర్లు. బల్లల మీద గోడ నుంచి గోడ దాకా తెల్లటి గుడ్డలు. మామూలుగా ఈ వారం మాకు తిండి తినే టైమ్ ఉండదు. ఈసారి ఎవరు ఉతుకుతారని మేం లోపల కూర్చుని సంబరపడుతున్నాం.

గ్రీత్ ఉతుకుతుందట.

సెయిపాతే చెప్పింది. గ్రీత్ పిన్ని వచ్చిందమ్మా, మన ఇళ్ళ మూటలు తీసుకోనా అని అడిగింది, సరేనన్నాను అంది. అందరి ఇళ్ళకీ వెళ్ళి అలాగే అడిగిందట. రేపు ఊరంతా తిరిగి అన్ని మూటలూ తనే తెస్తుందట. దానికి సాయం వెళ్ళేది ఎవరో తెలుసా, నా కూతురు.

సార్జెంటు పక్కనే నిలబడి వింటున్నాడు. నేను ఆగలేకపోయాను. నీ కోసం రాళ్ళు కొడుతున్నానే, నువ్వు పోయి ఆ దొంగదాని బండి తోస్తావా అన్నాను. కంచెలోంచి దాని చేయి నా వేలు గట్టిగా నొక్కింది. నేను విదిలించుకున్నాను. అది ఏడవలేదు. వెళ్ళిపోయింది.

అత్త అంతా విని, పడుకో అంది. అంతేనా అన్నాను. అంతే, దుప్పటి ఇటు లాగు అంది.

జులై 1, మంగళవారం. జైలు

ఇవాళ ఒకటో తారీఖు. బెస్టర్ పెట్టిన గడువు. నా కూతురు ఎక్కడుందో నాకు తెలియదు. రాయి మీద కొట్టబోయి వేలి మీద కొట్టుకున్నాను.

జులై 2, బుధవారం. జైలు

కాగితం చిన్నది, సంగతి పెద్దది. అక్షరాలు ఇరికించి రాస్తాను.

మధ్యాహ్నం రాళ్ళ దగ్గర ఉండగా గేటు దగ్గర గొడవ. గేటు తెరిచారు. ముందు గ్రీత్ వచ్చింది, తల ఎత్తుకుని, చర్చికి వచ్చినట్టు. ఆమె వెనక నా సెయిపాతి.

 ఆ పిల్ల స్టేషన్ వెనక గదికి పోతుందేమోనని నేను జైలుకి వచ్చాను. అది పెద్ద గేటు గుండా, నడిరోడ్డు మీంచి, ఇంతమంది అమ్మల మధ్యకి నడిచి వచ్చింది. భయం, గర్వం రెండూ ఒక్కసారే వస్తే మనిషి ఏం చేయాలో నాకు తెలియలేదు. సుత్తి కింద పెట్టి నిలబడ్డాను.

గ్రీత్ నేరుగా నా దగ్గరికే వచ్చింది. "సెయిపాతి అమ్మా, నీ మూటలు ముట్టుకున్నాను. ఈసారి అడిగే ముట్టుకున్నాను" అంది.

అప్పుడు చెప్పింది. సోమవారం, మంగళవారం ఊళ్ళో ప్రతి ఇంటి వెనక గుమ్మానికీ వెళ్ళిందట. దొరసానులు ఆమెని చూసి దేవుడే పంపాడన్నారట, వాళ్ళందరిలో నీ ఒక్కదానికే బుద్ధుందన్నారట, ఒకామె అయితే కాఫీ కూడా ఇచ్చిందట, కప్పు వేరే అనుకోండి. వారాల తరబడి మురిగిన బట్టలు, నాఖ్‌మాల్ కాలర్లు, తెల్ల టైలు, చర్చి బల్లల గుడ్డలు, అన్నీ మూటగట్టి ఇచ్చారట. ఉతికే మనిషికి మూట ఇచ్చేటప్పుడు ఎవరూ ఇంకో ప్రశ్న అడగరు కదా. గ్రీత్, సెయిపాతి కలిసి తోపుడు బండి మీద ఎన్నో సార్లు తిరిగి లొకేషన్‌కి చేర్చారట. నిన్న బెస్టర్ ఎదురై, ఒకటో తారీఖు వచ్చింది, ఈ పిల్ల పాస్ ఏదీ అన్నాడట. ఈ పిల్ల తోస్తున్నది మేజిస్ట్రేట్ దొర చొక్కాలు, దీన్ని తీసుకుపోతానంటే తీసుకుపో, బండి మాత్రం నువ్వు తొయ్యి అందట గ్రీత్. బెస్టర్ చొక్కాల వైపు చూశాడు, బండి వైపు చూశాడు, దారి ఇచ్చాడట.

ఇవాళ పొద్దున ఆ మూటలన్నీ మళ్ళీ బళ్ళకెక్కించారు. లాగింది ఎవరో తెలుసా, ఇటుకల బట్టీ మగవాళ్ళు. నా మొగుడు ముందు బండి దగ్గర ఉన్నాడట. ఒక్క బట్ట కూడా ఉతకలేదు. తెచ్చి కోర్టు మెట్ల మీద గుట్ట పోశారు. మేజిస్ట్రేట్ బయటికి వస్తే గ్రీత్ డచ్చిలో చెప్పిందట. "దొరా, ఈ బట్టలు ఉతికేవాళ్ళు మీ దగ్గరే ఉన్నారు. అందుకే మీకు తెచ్చి అప్పగిస్తున్నాను." అని, గౌనులోంచి తన పాస్ తీసి, దాంతో చెప్పుల బురద తుడుచుకుని, అక్కడ పెట్టిందట. పాస్ లేనందుకు ఇద్దరినీ అక్కడే పట్టుకున్నారట. ఊళ్ళో తిరగడానికి ఒక్కరి దగ్గరైనా పాస్ ఉండాలి కదా, అందుకే ఆ రోజు కాగులో వేయలేదు, దాని పని ఇప్పుడైపోయింది అంది మాతో.

నేను గలెబొయె అత్త వైపు చూశాను. ఆమెకి ముందే తెలుసు. ఆమే పురమాయించింది. నాకెందుకు చెప్పలేదని అడిగాను. "నీకు చెబితే నీ ముఖం చెప్పేస్తుందే. నువ్వు గ్రీత్‌ని తిట్టిన తిట్లు సార్జెంటు ఇంటికెళ్ళి పెళ్ళానికి చెప్పాడు. ఆవిడ ఊరంతా చెప్పింది. అందుకే నమ్మి మూటలిచ్చారు" అంది.

అంటే నా తిట్లకీ ఇందులో వాటా ఉంది. ఈ మాట తలుచుకుని కొంచెం తల ఎత్తుకున్నాను.

సెయిపాతికి సారీ చెప్పబోయాను. నీ వేలికి ఏమైందమ్మా అని కట్టు విప్పి చూసింది. చెప్పనివ్వలేదు.

జులై 3, గురువారం. జైలు

నిన్న సాయంత్రం మూటలన్నీ జైలు పెరట్లోకి తెచ్చి పడేశారు. మేజిస్ట్రేట్ మా చేతే ఉతికించమన్నాడట. విసిరేటప్పుడు ముళ్ళు ఊడి అన్నీ కలిసిపోయాయి. డాక్టరు చొక్కా ఏది, కొట్టు దొర చొక్కా ఏది, పాస్టరు దుప్పటి ఏది, ఎవరికీ తెలియదు. ఎవరి ఇంటి బట్టో తెలియడానికి మేం పెట్టే దారం గుర్తులు అంచు మడతల్లో ఉంటాయి, అవి కుట్టిన మనిషికే తెలుస్తాయి.

ఉతకండి అన్నాడు సార్జెంటు. మేం వాటి మీద కూర్చున్నాం. కఠిన శిక్ష అంటే రాళ్ళు కొట్టడమని కోర్టులో చెప్పారు, బట్టల మాట చెప్పలేదు అంది అత్త.

జైల్లో మొదటిసారి అందరం వెచ్చగా పడుకున్నాం. నా కింద పాస్టరు దుప్పట్లు. వాసన సంగతి పక్కన పెడితే హాయిగా ఉంది.

ఇవాళ పొద్దున్నుంచి గేటు దగ్గర బగ్గీలు ఆగుతున్నాయి. మేజిస్ట్రేట్ దొరసాని స్వయంగా వచ్చి, గ్రీత్, నీకు నేనేం తక్కువ చేశాను అని అడిగింది. మీరేం తక్కువ చేయలేదమ్మగారూ, మీ ఆయన ఎక్కువ చేశారు అంది గ్రీత్. చర్చి పెద్దలు నలుగురు వచ్చారు, మెడలో కాలర్లు లేకుండా. కాలరు లేని పెద్దమనిషి మెడ ఈకలు పీకిన కోడి మెడలా ఉంటుందని నాకు ఇప్పటిదాకా తెలియదు. పొలాల నుంచి మొదటి బళ్ళు ఊళ్ళోకి వచ్చేశాయట.

ఇప్పుడే అత్తని మేజిస్ట్రేట్ గదికి పిలిచారు. ఒక్కదాన్నే రమ్మన్నారు. తను ఒంటరిగా పోనని చెప్పి, పక్కన గ్రీత్‌ని, నన్ను కూడా రమ్మంది. వెళ్తున్నాను.

జులై 6, ఆదివారం

ఇల్లు. నా బల్ల, నా సిరా, నా కుర్చీ. సెయిపాతి నాన్న వండిన సంగటి తిన్నాను. ఇటుక కాదు, బాగానే ఉంది. చెప్పలేదు, చెబితే ఆగడు.

గురువారం మేజిస్ట్రేట్ గదిలో మాకు కుర్చీలు వేయలేదు. నిలబడే మాట్లాడాం. శిక్షలో మిగిలింది మాఫీ చేస్తాను, నిన్న వచ్చినవాళ్ళనీ వదిలేస్తాను, వెళ్ళి పని చూసుకోండి అన్నాడు. పాస్ సంగతి ఏమిటని అత్త అడిగింది. చట్టం మార్చడం నా చేతిలో లేదన్నాడు. నిజమే, ఆ మాట మేమూ ఒప్పుకున్నాం. అప్పుడు నేను మాట్లాడాను. ఇంతకుముందు ఆయన ఎదుట మాట్లాడింది జైలే అన్న ఒక్క మాట. "చట్టం మీ చేతిలో లేదు దొరా, బెస్టర్ మీ చేతిలో ఉన్నాడు" అన్నాను.

ఆయన కిటికీలోంచి చూశాడు. చౌకులో ఎడ్లబళ్ళు దిగుతున్నాయి.

ఈ ఊళ్ళో ఏ కానిస్టేబులూ ఏ ఆడదాన్నీ పాస్ కోసం ఆపడు అన్నాడు. ఇక్కడ కాదు, మెట్ల మీద నిలబడి చెప్పండి అంది అత్త. మెట్ల మీద చెప్పాడు, ఇంగ్లీషులో. డచ్చిలో కూడా చెప్పండి దొరా, బెస్టర్‌కి ఇంగ్లీషు సరిగా రాదు, తర్వాత అర్థం కాలేదంటాడు అంది గ్రీత్. డచ్చిలో చెప్పాడు. బెస్టర్ అక్కడే, మా పాస్‌ల అంబలి ఎండిపోయి అట్టకట్టిన మెట్టు పక్కన నిలబడి విన్నాడు. వాడి చెవులు ఎర్రబడటం నేను చూశాను. ఈ మాట ఇంకోసారి రాసుకుంటాను. వాడి చెవులు ఎర్రబడటం నేను నా కళ్ళతో చూశాను.

ఆడవాళ్ళ కేకకి చౌకులో ఎడ్లు బెదిరాయి.

ఇక శుక్రవారం. వాగు అంచున ఐస్ పలకలు. విరగ్గొట్టి దిగాం. నా జన్మలో అంత ఇష్టంగా ఉతకలేదు. ఎవరి మూట ఎవరిది అన్న మాటే లేదు. ఏ గుర్తు దొరికితే అది ఎలా ఉందో కేక వేయడం, కుట్టిన మనిషి వచ్చి అందుకోవడం. బాది, జాడించి, పిండి, ఆరేస్తే కొండ వాలు మొత్తం తెల్లబడింది. మగవాళ్ళు నీళ్ళు మోశారు. వాళ్ళు నీళ్ళు మోయడం చూడటానికి ముసలమ్మలు కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. గ్రీత్ నాకంటే పైన కూర్చోలేదు. కింద కూర్చోలేదు. పక్కన కూర్చుంది. ఇద్దరం ఒకే దుప్పటి రెండు కొసలు పట్టుకుని పిండాం. ఆమె మెలితిప్పే చెయ్యి గట్టిది.

శనివారం లొకేషన్‌లో ప్రతి గుమ్మంలోనూ ఇస్త్రీ పెట్టె. కాలర్ల గంజి దగ్గర గ్రీత్ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఇద్దరం ఇంకో గుప్పెడు పిండి వేశాం.

ఇవాళ నాఖ్‌మాల్‌కి పెద్దలందరూ తెల్లగా మెరిసిపోతూ వచ్చారు. ఒక్కరూ తల తిప్పలేకపోయారు. ప్రార్థనకి తల వంచాల్సి వచ్చినప్పుడు నడుము దగ్గర్నుంచి వంగారట. చర్చి ఊడ్చే మనిషి చూసి వచ్చి చెప్పాడు. మా చర్చిలో ఈరోజు పాట ఆగలేదు. బ్లూమ్‌ఫాంటీన్ వాళ్ళ కోసం, వేరే జైళ్ళలో ఇంకా ఉన్న ఆడవాళ్ళందరి కోసం ప్రార్థించాం. అక్కడ ఇంకా గెలవాలి. ఇక్కడ గెలిచాం. చిన్న ఊరైతేనేం, గెలుపు గెలుపే, నేను దాన్ని తగ్గించి చెప్పను.

జులై 7, సోమవారం

మూటల రోజు. గ్రీత్ పొద్దున్నే మా ఇంటికొచ్చింది. మేజిస్ట్రేట్ ఇంటి మూట నా గుమ్మంలో పెట్టి, ఇది నీది, అప్పుడు అడగలేదు అంది.

రెండేళ్ళు ఈ మాట కోసం ఎదురుచూశాను. విన్నాను. చాలా బాగుంది. మూట విప్పి పై చొక్కా చూశాను. చంకల్లో చెమట మరకలు, పసుపుపచ్చగా. మొన్న గురువారం నాటివే అయ్యుంటాయి.

ఇవి పోవాలంటే నీ చెయ్యే కావాలి, తీసుకుపో అన్నాను. నవ్వింది. టీ పెట్టాను. తాగి వెళ్ళింది.

జులై 12, శనివారం

సెయిపాతి ఒక్కతే ఊళ్ళోకి వెళ్ళింది. పెద్ద వీధి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, తిరిగి వచ్చింది. బెస్టర్ ఎదురయ్యాడట, టోపీ సర్దుకుని పోయాడట.

ఏం తెచ్చావే అని అడిగాను. ఏమీ లేదంది. ఏం పని మీద వెళ్ళావు మరి అన్నాను.

"ఊరికే" అంది.